విజిటర్ వీసా మీద పోయే అమ్మ, బాపు తిరిగొస్తరని బార్డర్ కాడ ఎట్ల చూపించాలె?

వడ్డేపల్లి_కట్ట
బాపుకు 66, అమ్మకు 61. బాపు రిటైర్డ్ గవర్నమెంట్ టీచర్. హన్మకొండల సొంతిల్లు, పర్వతగిరి దిక్కు 5 ఎకరాల 20 గుంటల భూమి ఉన్నది. ఇద్దరికి అమెరికా బీ1/బీ2 వీసా వచ్చింది, పదేండ్లది. మేల చికాగో పోతున్నరు, చెల్లె దగ్గరికి. టికెట్ అబుదాబి మీదికెళ్లి. వీసా పని చేసిన ఏజెంటే ఇప్పుడు మల్ల వచ్చి, "వీసా ఉన్నా ఎయిర్‌పోర్టుల ఆపుతరు, టైస్ ఫైల్ (ఇక్కడికి తిరిగొస్తరని చూపెట్టే కాగితాలు) కావాలె" అని 15,000 అడుగుతున్నడు. అండ్ల రెండు కోట్ల నెట్‌వర్త్ సర్టిఫికెట్, ఇంటి వాల్యుయేషన్, తాసిల్దార్ ఇన్‌కం సర్టిఫికెట్, నోటరీ అఫిడవిట్, మొత్తం 60 పేజీలట. నిజంగ గివన్ని అడుగుతరా? అడిగితే ఏవి దగ్గర పెట్టుకోవాలె?

కాజీపేట_జంక్షన్
15,000 ఇయ్యకు. అట్లని కాగితాలే వద్దని గాదు. వీసా అంటే దర్వాజ దాకా పోనిచ్చే చీటీ. లోపలికి రానిచ్చుడు, ఎన్ని దినాలు ఉండాల్నో రాసుడు సీబీపీ, అంటే అమెరికా బార్డర్ ఆఫీసర్ చేతుల ఉంటది. కాన్సులేట్‌ల నడిచిన 214బీ (అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంల సెక్షన్) లెక్కనే ఆయన గుడ చూస్తడు: వచ్చేటోళ్లు ఉండిపోయేటందుకే వస్తున్నరు అని ముందుగాల అనుకోవాలె, కాదని చూపెట్టే బాధ్యత వచ్చేటోళ్లది. కాకుంటే కౌంటర్ కాడ ఉండేది రెండు మూడు నిమిషాలు. ఎందుకొచ్చిండ్రు, ఎవరింట్ల ఉంటరు, ఎన్ని రోజులు, ఖర్చెవరిది, వాపస్ ఎప్పుడు, బ్యాగుల తినేటియి ఏమున్నయి. గీ ఐదారింటికి నోటితోని సక్కగ చెప్తే ఫైల్ తెరిచే పనే పడది.

సుబేదారి_లెక్కలు
నెట్‌వర్త్ సర్టిఫికెట్ సంగతి నేను చెప్తాను. సీఏ ఇచ్చే ఏ సర్టిఫికెట్ మీదైనా యూడీఐఎన్ అనే, అంకెలు అక్షరాలు కలిపి 18 ఉండే నంబరు ఉండాలి. 2019 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. ఐసీఏఐ సైట్‌లో ఎవరైనా ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. అది లేని సర్టిఫికెట్‌కు ఏ విలువా లేదు.

అసలు లోపం ఇంకోటి. ఆస్తి రెండు కోట్లని ఒక కాగితం చెప్తుంది. ఇన్‌కం సర్టిఫికెట్‌లో వ్యవసాయం మీద ఏడాదికి నాలుగు లక్షలని ఇంకో కాగితం చెప్తుంది. ఐటీ రిటర్నులో మాత్రం పెన్షన్ ఒక్కటే ఉంటుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, నిజమే. కానీ రిటర్నులో చూపించకూడదని కాదు. అది 5,000 దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. మన దగ్గర పెన్షన్‌దారులు చాలామంది ఫారం-16 చూసి ఐటీఆర్-1 వేసి వదిలేస్తారు. మూడు కాగితాలు మూడు మాటలు చెప్పే ఫైల్ కంటే ఫైల్ లేకపోవడమే నయం. పెన్షన్ పడే ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్, రెండేళ్ల రిటర్నులు చాలు. మధ్యలో చిట్టీ పాడిన డబ్బు ఒక్కసారిగా పడి ఉంటే ఆ చిట్టీ పాస్‌బుక్ జిరాక్సు పక్కన పెట్టండి.

చపాటా_మిర్చి
భూమి కాగితాల మీద ఒక మాట. మన రికార్డుల 5 ఎకరాల 20 గుంటలను 5.20 అని రాస్తరు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది ఐదున్నర ఎకరాలు. ఇంగ్లీషులకు మార్చేటోడు దాన్ని గట్లనే 5.20 అని కొడితే చదివేటోళ్లకు ఐదు పాయింట్ రెండు ఎకరాలు అయితది. 5.38 అయితే ఇంకా అన్యాయం, దగ్గరదగ్గర ఆరెకరాలు పోయి ఐదు చిల్లరకు దిగుతది. తర్జుమాల "5 ఎకరాల 20 గుంటలు, అంటే 5.5 ఎకరాలు" అని విడమర్చి రాయియ్యాలె. పాస్‌బుక్కుల పేరు, పాస్‌పోర్టుల పేరు ఒక్కతీరుగ ఉన్నయా చూడుండ్రి. భూభారతిల ఇంటిపేరు ముందుంటది, పాస్‌పోర్టుల ఇంకోతీరుగ ఉంటది. అట్లుంటే తర్జుమా కిందనే రెండు పేర్లు ఒక్కరివే అని ఒక వాక్యం రాయించుండ్రి.

ఓరుగల్లు_కోట
భూమి టై కానే కాదు అంటాను నేను. భూమి ఎక్కడికీ పోదు, మనిషి లేకున్నా అక్కడే ఉంటుంది. కౌలుకిస్తే పైసలు ఖాతాలో పడుతూనే ఉంటాయి. భూమి ఉన్నంత మాత్రాన మనిషి తిరిగి రావాలని ఏముంది? ఆఫీసర్లకు ఈ సంగతి తెలియదనుకోవద్దు. తిరిగి రాక తప్పని పని, తేదీతో సహా ఉన్నదే టై.

చపాటా_మిర్చి
@ఓరుగల్లు_కోట సగమే ఒప్పుకుంట. కౌలు పైసలు, పెన్షన్ వస్తున్నయంటే అక్కడ పనిచేసి బతికే అవసరం లేదని తెలుస్తది. అది గుడ ఆఫీసర్‌కు కావాల్సిన సంగతే. సొంతంగ దున్నేటోళ్లయితే ఇంక గట్టిది. ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి అమ్మిన తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ), ఐకేపీ సెంటర్‌ల వడ్లు పోసినంక ఖాతాల పడ్డ పైసలు, ఇవి ఏటా ఒకే కాలంల కనబడ్తయి. మనిషి ఏ నెలల ఇక్కడ ఉండక తప్పదో వాటితోనే తెల్సిపోతది. పాస్‌బుక్ కన్న తక్‌పట్టీకి నేను ఎక్కువ విలువిస్త.

ఓరుగల్లు_కోట
తక్‌పట్టీ మాట ఒప్పుకున్నా. కౌలు మాట ఒప్పుకోను.

గోదావరిఖని_షిఫ్టు
పెన్షన్ ఉన్నోళ్లకు తేదీ ఉన్న పని దొర్కుతది. సింగరేణి రిటైర్డ్ అయితే సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల పీఎఫ్) పెన్షన్‌కు నవంబర్‌ల లైఫ్ సర్టిఫికెట్ ఇయ్యాలె. సెంట్రల్ పెన్షన్‌దారులకు గుడ నవంబరే. స్టేట్ టీచర్లకు ట్రెజరీల ఏటా వెరిఫికేషన్ ఉంటది, ఆ గడువు కనుక్కోండ్రి. అయితే ఇది ఇప్పుడు ఫోన్‌ల ముఖం చూపెట్టి గుడ చేస్తున్నరు, అందుకని దీని మీద ఒక్కదాని మీదనే ఆధారపడొద్దు. పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డరు) జిరాక్సు మాత్రం తప్పకుండ పెట్టుకోవాలె, అది ఒక్క పేజీల మనిషి చరిత్రంత చెప్తది.

జగిత్యాల_గల్ఫన్న
అందరు అమెరికా ముచ్చటనే పెడుతున్నరు. మన దిక్కు బార్డర్ల ఆగిపోయేటోళ్లు ఎక్కువ దుబాయి విజిట్ వీసా మీద పోయేటోళ్లు, అది గుడ అక్కడ గాదు, శంషాబాద్‌లనే. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉన్నోళ్లు, అంటే పదో తరగతి పాసైన మెమో పెట్టనోళ్లు, 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ పోర్టల్‌ల క్లియరెన్స్ ఉండాలె. విజిట్ మీద పోతే ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. గందుకనే అనుమానం: పనికి పోతూ విజిట్ అని చెప్తున్నడేమో అని. మన ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ అడిగేటియి రిటర్న్ టికెట్, ఉండే జాగ, చేతుల పైసలు, పిలిచినోడు ఏమైతడు. సొంత అన్నదమ్ముని ఇంటికైతే ఆయన ఎమిరేట్స్ ఐడీ కాపీ, రెంట్ అగ్రిమెంట్, చుట్టరికం తెలిసే కాగితం పెట్టుకోండ్రి. చుట్టరికానికి రేషన్ కార్డు గుడ నడుస్తది, ఇద్దరి పేర్లు ఒక్కదాన్ల ఉంటే.

నిజంగ పనికే పోయేటోళ్లు మాత్రం ఇవన్ని జమజేసి విజిట్ మీద పోవద్దు. అక్కడ విజిట్ మీద పనిచేస్తే జీతం ఎగ్గొట్టినా అడిగే హక్కు ఉండది, గడువు దాటితే దినానికి 50 దిర్హాంల ఫైన్. పని వీసా మీద క్లియరెన్స్‌తోని పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉంటది, 10 లక్షలది. విజిట్ మీద పోయినోనికి ఏదైనా అయితే ఇంటోళ్లకు ఆ బీమా రాదు. గల్ఫ్ నుంచి వచ్చే శవాల డబ్బాల లెక్క చూసినోళ్లకు ఈ మాట ఎందుకు చెప్తున్ననో తెల్సు.

మెట్‌పల్లి_పసుపు
@జగిత్యాల_గల్ఫన్న 50 ఏండ్లు దాటినోళ్లకు ఈసీఆర్ తీసేస్తరు గదా?

జగిత్యాల_గల్ఫన్న
అవు, కానీ దానంతటదే పోదు. పాత పాస్‌పోర్టు మీద ముద్ర ఉంటే రీ-ఇష్యూకు పెట్టుకోవాలె. కొత్తదాన్ల ఏ ముద్ర లేకుంటే నాన్-ఈసీఆర్ అన్నట్టే.

వడ్డేపల్లి_కట్ట
మాది కౌలుకే ఇచ్చినం. ఇంకో సంగతి, బాపు తమ్ముడు అమెరికా సిటిజన్. 2009ల బాపు పేరు మీద ఎఫ్4 (సిటిజన్ల తోబుట్టువులకు గ్రీన్ కార్డు) పిటిషన్ ఏసిండు. అది టైస్ కిందికొస్తదా, ఉల్టా కొడ్తదా?

కాజీపేట_జంక్షన్
ఆగు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160ల "మీ తరఫున ఎవరన్న ఇమ్మిగ్రెంట్ పిటిషన్ ఏసిండ్రా" అనే ప్రశ్న ఉంటది. దానికి ఏం రాసిండ్రు?

వడ్డేపల్లి_కట్ట
ఏజెంటే నింపిండు. ప్రింట్ చూసి చెప్త.

వడ్డేపల్లి_కట్ట
చూసిన. "నో" అని ఉన్నది. బాపును ఇంటర్వ్యూల ఆ ప్రశ్న అడగలేదు. బాపుకు ఆ పిటిషన్ సంగతి యాదికి గుడ లేదు.

నక్కలగుట్ట_నోట్స్
ఇంతసేపూ మాట్లాడుకున్న కాగితాలన్నీ పక్కన పెట్టండి, అసలు పని ఇది. పిటిషన్ అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ రికార్డుల్లో ఉంటుంది, ప్రభుత్వం తన దగ్గర ఉన్న వివరాన్ని ఎప్పుడైనా చూసుకోగలదు. ఎఫ్4 పిటిషన్ ఉన్నంత మాత్రాన విజిటర్ వీసా ఇవ్వకూడదని లేదు. ఇండియా ఎఫ్4 వరుస 2025 చివర్లో కూడా 2006 కేసుల దగ్గరే ఉంది, 2009 కేసుకు ఇంకా సమయం ఉంది కాబట్టి ఇప్పుడు చూసి వస్తామనడంలో తప్పేమీ లేదు. "ఉంది, వరుస వచ్చినప్పుడు ఆ దారిలోనే వెళ్తాం, ఇప్పుడు కూతురిని చూసి వస్తాం" అని చెప్పడమే సరైన జవాబు. ప్రమాదం పిటిషన్‌తో కాదు, "నో" అన్న జవాబుతో.

కావాలని ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పినట్టు తేల్చితే అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం 212(ఎ)(6)(సీ)(ఐ) కింద జీవితాంతం నిషేధం పడుతుంది. దానికి మినహాయింపు అడగొచ్చు కానీ దొరకడం కష్టం. తెలియక జరిగింది, కావాలని కాదు అన్న తేడా చట్టంలో ఉంది. కానీ "ఏజెంటు నింపాడు" అంటే సరిపోదు. సంతకం కిందికి వచ్చే ఆఖరి బటన్ దరఖాస్తుదారే నొక్కాలి, ఇంకొకరు సాయం చేస్తే వాళ్ల పేరు కూడా ఫారంలో చెప్పాలి. ఆ గడిలో ఏముందో అదీ చూడండి.

వడ్డేపల్లి_కట్ట
దాన్ల గుడ "నో" నే.

నక్కలగుట్ట_నోట్స్
అయితే ప్రయాణానికి ముందే దిద్దుకోవాలి. అమెరికా ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడించండి, మీ చెల్లె అక్కడి నుంచి ఏర్పాటు చేయొచ్చు. ఆ 15,000 పెట్టాల్సింది ఇక్కడ. బాబాయి దగ్గర ఐ-797 రసీదు నోటీసు ఉంటుంది, దాని కాపీ తెప్పించండి, అందులో కేసు నంబరు, తేదీ తెలుస్తాయి. ఐ-130 పిటిషన్ కాపీ కూడా అడగండి, ఎవరెవరి పేర్లున్నాయో అందులో తెలుస్తుంది. కాన్సులేట్‌కు తప్పు జరిగిందని రాతపూర్వకంగా చెప్పాలా, ఏ మాటల్లో చెప్పాలన్నది ఆ లాయర్ చూసి చెప్పాలి. ఎవరూ పట్టుకోకముందే తనంతట తాను సరిదిద్దుకున్నదానికి ఉండే విలువ, కౌంటర్ దగ్గర పట్టుబడ్డాక చెప్పేదానికి ఉండదు. ఆఫీసర్ అడిగితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మళ్లీ "లేదు" అనొద్దు. కాగితం మీద ఉన్న మొదటి తప్పుకు కారణం చెప్పుకోవచ్చు. నోటితో చెప్పిన రెండో అబద్ధానికి చెప్పుకునేందుకు ఏమీ ఉండదు.

సుబేదారి_లెక్కలు
దీనికి వెయ్యి దండాలు. ఈ చర్చ చదివే ప్రతి ఒక్కరూ ఏజెంటు నింపిన డీఎస్-160 ప్రింట్ ఇవాళే తీసి చదవండి. పిటిషన్, పాత వీసా తిరస్కరణ, అమెరికాలో ఉన్న దగ్గరి చుట్టాలు, గత ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాలు. ఎక్కువగా తప్పులు పడేది ఈ నాలుగు గడుల్లోనే.

టొరంటో_తెలంగాణ
కెనడాకైతే ఈ ఆట కాగితం మీదే నడుస్తుంది, ఇంటర్వ్యూ దాదాపు ఉండదు. తిరస్కరణ ఉత్తరంలో వచ్చే వాక్యం ఒకటే, కెనడా ఇమ్మిగ్రేషన్ నిబంధన 179(బి) ప్రకారం గడువు అయ్యాక వెళ్లిపోతారన్న నమ్మకం కలగలేదని. అందుకే అక్కడ భూమి, పెన్షన్, ఇంటిపన్ను అన్నీ ముందే అప్‌లోడ్ చేయాలి, ఇంగ్లీషు లేదా ఫ్రెంచ్ కాని ప్రతి కాగితానికి తర్జుమా ఉండాలి, సర్టిఫైడ్ అనువాదకుడు కాకపోతే చేసినవాళ్ల అఫిడవిట్ కూడా ఉండాలి. తల్లిదండ్రులు ఎక్కువ కాలం ఉండాలంటే మామూలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు, మళ్లీ ఆరు నెలలు అని తిప్పొద్దు. సూపర్ వీసా తీసుకోండి. 2022 జూలై నుంచి ఒక్కో రాకకు ఐదేళ్ల వరకు ఉండొచ్చు. లక్ష డాలర్ల కవరేజీతో కనీసం ఏడాది హెల్త్ ఇన్సూరెన్స్ కావాలి. ఎక్కువ రోజులు ఉండాలన్న కోరికను దాచే పనే ఉండదు దాంట్లో.

ఓరుగల్లు_కోట
అమెరికాకు ఆ దారి లేదు కాబట్టే ఈ తంటా. వీసా పదేళ్లు, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రాక రికార్డు) ఆరు నెలలు. ఆరు నెలలు ఉండి, రెండు నెలలకు వచ్చి, మళ్లీ ఆరు నెలలకు వెళ్తే మూడో రాకలో "మీరు ఇక్కడే కాపురం ఉంటున్నారా" అని అడుగుతారు. ఎన్ని నెలలు బయట ఉండాలని చట్టంలో ఎక్కడా రాసి లేదు. అక్కడ ఉన్నన్ని నెలలైనా ఇక్కడ ఉండి వెళ్తే ఆ ప్రశ్నకు జవాబు తేలిక.

వడ్డేపల్లి_కట్ట
చెల్లెకు చిన్నపాప ఉన్నది, ఆరు నెలలది. అమ్మ పోయేది ఎక్కువ అందుకే. అడిగితే అది చెప్పొచ్చా?

మెట్‌పల్లి_పసుపు
చెప్పొద్దని కొందరు అంటరు.

నక్కలగుట్ట_నోట్స్
చెప్పాలి. మనవరాలిని చూడ్డానికి, కొన్నాళ్లు కూతురితో గడపడానికి వెళ్లడం బీ2 లోపలిదే. సమస్య ఎక్కడంటే "బిడ్డ ఉద్యోగానికి పోతది, పాపను నేనే చూసుకోవాలె, డేకేర్ ఖర్చు మిగుల్తది" అంటే దాన్ని పని కింద లెక్కగట్టే ఆఫీసర్ ఉంటారు. అమ్మ వెళ్లేది నిజంగా ఆ పని కోసమే అయితే మాటలు మార్చడం జవాబు కాదు, చెల్లె డేకేర్ ఏర్పాటు వేరే చేసుకోవాలి. అప్పుడు అమ్మ చెప్పే మాట సహజంగానే నిజం అవుతుంది.

కాజీపేట_జంక్షన్
ఫోన్ గుడ. బార్డర్ కాడ ఫోన్ తీసి చూసే అధికారం వాళ్లకు ఉన్నది. వాట్సాప్‌ల "ఇగ మీరు ఇక్కడనే ఉండిపోండ్రి" అని ప్రేమతోని పెట్టిన మెసేజ్‌కు అక్కడ అర్థం వేరే. తుడిచేయమని చెప్తలేను, ఇంట్ల నిజంగ ఆ ఆలోచన ఉంటే అది వేరే దారిల చేయాల్సిన పని.

సామాను సంగతి: ఆరు నెలలకు పోయేటోళ్ల పెట్టెల ఒరిజినల్ డిగ్రీలు, సర్వీస్ రికార్డులు, బయోడేటా ఎందుకు? అవి ఇంట్ల పెట్టుండ్రి. పచ్చళ్లు, పొడులు ఉన్నయని అడిగితే చెప్పాలె, మాంసం పచ్చడి అసలే వద్దు. దాచిన తిండి దొర్కితే తిరిగొస్తమన్న మాట గుడ నమ్మరు.

భీమారం_బస్‌స్టాప్
అబుదాబి మీదుగా అన్నారు కదా, అది గమనించండి. అక్కడ అమెరికా ప్రీక్లియరెన్స్ ఉంది, 2014 నుంచి. అంటే చికాగోలో కాదు, అబుదాబిలోనే సీబీపీ ఆఫీసర్ ముందు నిలబడాలి. చికాగోలో దేశీయ ప్రయాణికుల్లా బయటికొస్తారు. కాబట్టి కాగితాలు చెక్-ఇన్ పెట్టెలో వేయొద్దు, చేతి సంచిలో ఉండాలి. చెల్లె ఫోన్ నంబరు, చిరునామా కాగితం మీద రాసి పెట్టండి, ఫోన్ చార్జింగ్‌ను నమ్ముకోవద్దు. రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలుండే టికెట్ చూడండి. ఇంకా అడగాలని సెకండరీకి పంపితే అక్కడే గంట, రెండు గంటలు పోవచ్చు.

వడ్డేపల్లి_కట్ట
సెకండరీ అంటే ఏం చేస్తరు? బాపుకు ఇంగ్లీష్ వచ్చు, అమ్మకు రాదు.

భీమారం_బస్‌స్టాప్
పక్క గదిలో కూర్చోబెట్టి వివరంగా అడుగుతారు, కొన్నిసార్లు ఇద్దరినీ విడివిడిగా. "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అన్న రెండు మాటలు అమ్మకు నేర్పండి, ఫోన్‌లో అనువాదకుడిని పెడతారు. అర్థం కాని ప్రశ్నకు "యెస్" అని తల ఊపడం వల్లనే చాలా చెడిపోతుంది. అక్కడ లాయర్‌ను పిలిపించుకునే హక్కు ఉండదు. రానివ్వకపోతే రెండు దారులుంటాయి: దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టు ఐ-275 మీద రాయించుకుని పంపడం, లేదా అమెరికా గడ్డ మీదైతే ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్, అంటే అప్పటికప్పుడు ఆర్డరు రాసి వెనక్కి పంపడం. రెండోదానికి ఐదేళ్ల నిషేధం పడుతుంది. చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని ఇద్దరికీ చెప్పండి. ఆ లెక్కన ప్రీక్లియరెన్స్ పెద్దవాళ్లకు మేలు. అడ్డం పడితే అబుదాబి నుంచి నాలుగు గంటల్లో హైదరాబాద్.

చపాటా_మిర్చి
అయితే చేతి సంచిల ఏమేం ఉండాల్నో ఒక్కసారి తేల్చుండ్రి. నా లెక్కల: రిటర్న్ టికెట్ ప్రింట్, చెల్లె చిరునామా, ఆమె వీసా లేకుంటే గ్రీన్ కార్డు కాపీ, పీపీఓ, పెన్షన్ ఖాతా స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, ఇంటిపన్ను రసీదు, పాస్‌బుక్కు జిరాక్సు ఒక పేజీ తర్జుమాతోని, గోలీల చీటీ. గివి పన్నెండు, పదిహేను పేజీలు అయితయి. అడిగితేనే తియ్యాలె, అడగకముందే సంచి కౌంటర్ మీద బోర్లియ్యొద్దు.

ఓరుగల్లు_కోట
వాపస్ టికెట్ తేదీ ఆరో నెల ఆఖరి రోజు పెట్టొద్దు. ఐదు నెలలకు పెట్టండి, మేలో వెళ్తే అక్టోబర్‌కు. ఆ తర్వాత ఇంట్లో పెళ్లో, కంటి ఆపరేషన్ తేదీనో ఉంటే ఆ శుభలేఖ, ఆ డాక్టర్ చీటీ కౌలు కాగితం కంటే బలం.

చపాటా_మిర్చి
మల్ల కౌలు మీదికే వస్తివి.

వడ్డేపల్లి_కట్ట
నవంబర్‌ల మేనత్త కొడుకు పెండ్లి ఉన్నది, బాపే పెద్ద. శుభలేఖ ఇంకా అచ్చు కాలె. లాయర్ సంగతి చెల్లెతోని ఇయ్యాలనే మాట్లాడిన, వచ్చే మంగళవారం టైమ్ ఇచ్చిండ్రట. బాబాయి ఐ-797, ఐ-130 ఫోటోలు పంపిండు, పిటిషన్ల బాపు పేరు, అమ్మ పేరు రెండు ఉన్నయి. అది తేలేదాకా టికెట్ తేదీ మార్చుకునేటట్టు పెట్టినం.

నక్కలగుట్ట_నోట్స్
అమ్మ పేరు కూడా ఉంటే ఆమె డీఎస్-160 ప్రింట్ కూడా లాయర్‌కు పంపండి. ఇద్దరివీ వేర్వేరు ఫారాలు, ఇద్దరికీ వేర్వేరు జవాబుదారీ.

భీమారం_బస్‌స్టాప్
వెళ్లాక ఒక పని. చికాగోలో దిగిన రోజే సీబీపీ సైట్‌లో ఐ-94 తీసి తేదీ చూడండి. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద ఇచ్చిన పేరు (గివెన్ నేమ్) గడిలో, పేరు తెలియదన్న అర్థంలో, ఎఫ్ఎన్‌యూ అని ఉంటుంది. ఐ-94 వెతికేటప్పుడు కూడా ఇచ్చిన పేరు గడిలో అదే కొట్టాలి, లేకపోతే రికార్డు లేదని వస్తుంది. తేదీ తప్పుగా పడితే దగ్గర్లోని డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో సరిచేయిస్తారు. ఉండడం పొడిగించాల్సి వస్తే ఐ-539 ఆ తేదీకి ముందే, 45 రోజుల ముందు వేస్తే మంచిది. ఆ తేదీ దాటి 180 రోజులకు మించి ఉంటే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ రానివ్వరు.

వడ్డేపల్లి_కట్ట
అమ్మ పాస్‌పోర్టుల ఇంటిపేరు గడి ఖాళీనే ఉన్నది. వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని చూసి అచ్చుతప్పేమో అనుకున్నం. మంగళవారం లాయర్ ఏమన్నరో ఇక్కడనే రాస్త.